వెదురు స్క్వాడ్రన్

మా ట్యాంకు గేర్‌బాక్సు విరిగిన రోజు మా నాయకుడు దఫేదార్ హర్‌ఫూల్ సింగ్ రొట్టె ముట్టలేదు. బర్మాలో జపానువాళ్లని తరుముతూ చింద్విన్ నది దాటి, టేకు అడవుల్లో పడి తూర్పుకి పోతున్నాం అప్పుడు. వాగులో దిగిన ట్యాంకు అవతలి గట్టు ఎక్కబోతూ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. వర్క్‌షాపు వాళ్లొచ్చి దాని కడుపులోకి తొంగిచూశారు, పెదవి విరిచారు, గొలుసులేసి వెనక్కి లాక్కుపోయారు. అత్తారింటికి పోతున్న కూతురి బండి వెంట నడిచినట్టు హర్‌ఫూల్ దాని వెంట చాలా దూరం నడిచి, ఒళ్లంతా ఎర్రదుమ్ముతో తిరిగొచ్చాడు.

అందరం రోహ్‌తక్ వైపు జాట్లమే. నా పేరు శీశ్‌రామ్, ఫిరంగి పేల్చేవాణ్ని. భర్తూ వైర్‌లెస్ చూసేవాడు. ఐదోవాడు మలేరియాతో ఆసుపత్రిలో ఉన్నాడు. ట్యాంకు నడిపే జుగ్‌లాల్ ఊళ్లో వరసకి హర్‌ఫూల్‌కి బాబాయి. అయినా ట్యాంకు లోపల ఉన్నంతసేపూ "చిత్తం, దఫేదార్ సాబ్" అనేవాడు. బయట కాలు పెట్టగానే "ఒరే హర్‌ఫూలూ, ఆ పొగాకు ఇటు పడెయ్" అనేవాడు. ఇప్పుడు ట్యాంకే లేదు కాబట్టి రోజంతా బయటే. హర్‌ఫూల్‌కి సగం బాధ అక్కడుంది.

మిగతా సగం సుబేదార్ బిధీ చంద్. మా ట్యాంకులతోపాటు కాలినడకన వచ్చే డోగ్రా కంపెనీ ఆయనది. కాంగ్డా కొండల మనిషి, పొట్టి, మీసం మాత్రం ఇద్దరికి సరిపోయేంత. జాట్ ఎవడైనా ఆయన నోట్లో చౌదరీయే. సాయంత్రం టీ వేళకి పనిగట్టుకుని మా దగ్గరికొచ్చాడు.

"ఏం చౌదరీ, గుర్రం పోగొట్టుకున్న రౌతు ఒకడు ఈ అడవిలో తిరుగుతున్నాడని మావాళ్లన్నారు. నువ్వేనా?"

హర్‌ఫూల్ టీ మగ్గులో పడ్డ చీమని తీస్తూ కూర్చున్నాడు.

"బాధపడకు. మా స్టోర్సులో బూట్లున్నాయి, ఒక జత ఇప్పిస్తాను. నడవడం నేర్పడానికి మనిషిని కూడా పంపిస్తాను. ముందు ఎడమ కాలు, తర్వాత కుడి కాలు. నెల తిరిగేసరికి వచ్చేస్తుంది."

మర్నాడు పొద్దున్నే మేజర్ విన్‌కోంబ్ పిలిపించాడు. మా మాట నేర్చుకున్న దొర. ధైర్యంగా మాట్లాడేవాడు, కాకపోతే మాటల్లో ఆడా మగా, మనిషీ వస్తువూ తేడా ఆయన దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"దఫేదార్, బ్రిగేడియర్ సాహెబ్ నీ మీద చాలా సంతోషంగా ఉంది. నీకు ఆరు ట్యాంకులు వస్తున్నారు."

హర్‌ఫూల్ ఛాతీ ఎలా పొంగిందంటే చొక్కా గుండీ ఒకటి తెగి దొర బల్ల మీద పడింది. "ఆరా సాబ్? రిసాల్దార్‌కి కూడా అన్ని ఉండవు సాబ్!"

"నీకు ఉంటారు. నువ్వే కట్టుకోవాలి."

"కట్టుకోవడమేంటి సాబ్?"

"వెదురు," అన్నాడు మేజర్. "చాప. తాడు. కొంచెం రంగు."

సంగతేమిటంటే, దక్షిణాన ఒక పెద్ద వాగుకి బండ్లు దాటే రేవొకటుంది. అవతలి గట్టున జపానువాళ్లు గుట్టలో ఫిరంగులు పాతుకుని కూర్చున్నారు. ట్యాంకులు వస్తే ఆ రేవు దగ్గరికే రావాలి, ఇంకో దారి లేదని వాళ్ల లెక్క. మా బ్రిగేడేమో ఉత్తరాన ఏనుగులు దుంగలు లాగే దారి ఒకటి పట్టుకుంది. చెట్లు కొట్టుకుంటూ, లోయలు పూడ్చుకుంటూ నిజం ట్యాంకులు ఆ దారిన వెళ్లి గుట్ట వెనక దిగాలి. అందాకా ఆ ఫిరంగుల చూపు రేవు మీంచి తిరగకూడదు.

"ఫిరంగి నిన్ను చూస్తూ ఉండాలి, అతను ఇంకెక్కడా చూడకూడదు," అన్నాడు మేజర్. "ఇది రహస్యం. ఎవరికీ చెప్పకూడదు. సుబేదార్ బిధీ చంద్‌కి అసలే చెప్పకూడదు. అది చాలా మాట్లాడుతుంది."

హర్‌ఫూల్ రహస్యాన్ని తనకు తెలిసిన పద్ధతిలో కాపాడాడు. "నాకు ఆరు ట్యాంకులిచ్చారు" అన్న మాట కంపెనీ కంపెనీకీ తిరిగి చెప్పాడు. వేటితో చేసినవో మాత్రం ప్రాణం పోయినా బయటపెట్టలేదు. బిధీ చంద్‌కి ఆ రోజంతా నోట మాట రాలేదని వాళ్ల వంటవాడు చెప్పాడు.

రేవుకి ఇవతల, వాగు వంపు చాటున ఒక ఊరుంది. సగం మంది అడవిలోకి పోయారు. మిగిలినవాళ్లకి పెద్ద దిక్కు డా న్యేన్ అనే ఆవిడ. మొగుడు పోయాడు, ఊరి పెద్దరికం ఆవిడ చేతికొచ్చింది. ఎప్పుడూ నోట్లో ముంజేయంత లావు చుట్ట. పడవల రేవులో మనవాళ్లకి చాపలమ్మిన రోజుల్లో హిందుస్తానీ నేర్చుకుందట, తిట్లతో సహా.

హర్‌ఫూల్ చేతులు కట్టుకుని చెప్పుకున్నాడు. వెదురు కావాలి, చాపలు కావాలి, అల్లేవాళ్లు కావాలి. బదులుగా ఉప్పు, గుడ్డ, కిరసనాయిలు ఇస్తాం.

"ఏం కడతారు? ఇల్లా?"

హర్‌ఫూల్ మా వంక చూశాడు. రహస్యం. కానీ కట్టేవాళ్లకి చెప్పకుండా ఎలా కట్టిస్తాం? నేల మీద పుల్లతో ట్యాంకు బొమ్మ గీశాడు. ఆవిడ ఒంగి చూసింది.

"గేదె."

"గేదె కాదమ్మా, ట్యాంకు."

"ట్యాంకులు నేను చూడలేదా? నీ బొమ్మ గేదె. ఆ పుల్ల ఇలా ఇయ్యి, మీసాలాయనా."

మొదటి రోజు సాయంత్రానికి ఒకటి లేచింది. ఊళ్లో ఆడవాళ్ల చేతులు చూస్తుండగానే వెదురు బద్దలై, బద్దలు చాపై, చాప గోడై లేచేవి. హర్‌ఫూల్ చుట్టూ తిరుగుతూ ఇక్కడ ఇంత ఒంపు, అక్కడ ఇంత ఎత్తు అని పోరుపెట్టేవాడు. ఒక గేదె వచ్చి వీపు గోక్కుందామని దానికి రాసుకుంటే ట్యాంకు పక్కకి ఒరిగిపోయింది. గేదె బెదిరి పారిపోయింది. "చూశావా, గేదె కాదని గేదెకి తెలిసింది," అన్నాడు హర్‌ఫూల్ డా న్యేన్‌తో.

అదే సాయంత్రం జుగ్‌లాల్ టీ కాద్దామని నరికిన పచ్చి వెదురు ముక్కలు పొయ్యిలో పడేశాడు. కాసేపటికి ధన్‌ధన్‌మని పేలుళ్లు. ముగ్గురం బోర్లా పడ్డాం. భర్తూ "మోర్టార్, మోర్టార్!" అని అరుస్తూ గుంటలోకి దూకాడు. తలలెత్తి చూస్తే ఊరి ఆడవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుతున్నారు. పచ్చి వెదురు కణుపుల్లో గాలి వేడెక్కితే అలాగే పేలుతుందట. "ఇంత పెద్ద మగవాళ్లు," అంది డా న్యేన్, "టీకి జడిసి పడుకున్నారు."

ఆరూ తయారయ్యాయి. అన్నింట్లోకీ లావుపాటి దాని మీద సున్నంతో ఏదో రాయించింది ఆవిడ.

"ఏంటమ్మా అది?"

"మా ఆయన పేరు. ఆయనా ఇంతే. చూడ్డానికి గంభీరంగా ఉండేవాడు, పెట్టిన చోటు నుంచి కదిలేవాడు కాదు."

ఇక మా పని మొదలైంది. పగలు వాటిని చెట్ల నీడకి లాగి కొమ్మలు కప్పేవాళ్లం, సరిగ్గా కప్పలేనట్టు, అక్కడక్కడా తోకో ముక్కో కనపడేట్టు. సైలెన్సర్ ఊడిన పాత లారీ ఇంజను ఒకటి భర్తూకి అప్పజెప్పారు. అది మొదలెడితే ట్యాంకుల దండంతా కదిలినట్టుండేది. జుగ్‌లాల్ ఎడ్లబండి వెనక ముళ్లకంపలు కట్టి రేవు దారిలో అటూ ఇటూ తోలేవాడు. దుమ్ము ఆకాశానికి లేచేది. ఎడ్లకి ఆకలేస్తే దుమ్ము ఆగిపోయేది. అవతలి గట్టు మీద ఎండలో అద్దం మెరుపు కనపడేది. వాళ్ల దుర్భిణి. హర్‌ఫూల్ దానికేసి మీసం దువ్వుకునేవాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా డోగ్రా కంపెనీని ఆ రేవు కాపలాకే పంపించారు. బిధీ చంద్ దుమ్ము తుడుచుకుంటూ వచ్చాడు. దూరం నుంచే ఆరు ట్యాంకులూ చూశాడు. మొహంలో అసూయ, మర్యాద కలిసిపోయాయి.

"దఫేదార్ సాబ్," అన్నాడు. చౌదరీ కాస్తా సాబ్ అయ్యేసరికి హర్‌ఫూల్‌కి అక్కడే ఏనుగెక్కినంత పనైంది. "మావాళ్లు కొందరికి కాళ్లు పుళ్లు పడ్డాయి. వాగు చుట్టూ గస్తీ తిరగాలి. ఒక ట్యాంకు మీద ఎక్కించుకుంటారా?"

"కుదరదు సుబేదార్ సాబ్. ఇవి కొత్త రకం."

"కొత్త రకమైతే?"

"చాలా సున్నితం."

"ట్యాంకు సున్నితమా?"

"పైన కూర్చుంటే దీనికి కోపం వస్తుంది," అన్నాడు జుగ్‌లాల్ సాయానికి.

బిధీ చంద్ కళ్లు చిన్నవి చేశాడు. "పోనీ చూడ్డానికైనా రానిస్తారా?"

"రంగు ఆరలేదు," అన్నాను నేను.

"దగ్గర్లో మందుపాతరలున్నాయి," అన్నాడు భర్తూ అదే క్షణంలో.

రెండు కారణాలు ఒకేసారి చెప్పడం మా తప్పు. సుబేదార్ మమ్మల్ని పక్కకి నెట్టి గబగబా నడిచాడు. "చూస్తాను, నా కాలి కింద ఏ మందుపాతర పేలుతుందో! మొత్తం బ్రిగేడులో ఒక్క నీకే ఆరు ట్యాంకులా? దీని ఉక్కు ఎంత మందమో చూడనీ!" అంటూ బూటుకాలు ఎత్తి ట్యాంకు పక్కటెముకల మీద ఒక్క తన్ను తన్నాడు.

కాలు లోపలికి పోయింది. కాలు వెంట నడుము పోయింది. నడుము వెంట మనిషి పోయాడు. తలపాగా ఒక్కటి బయట నేల మీద మిగిలింది. చాపలోంచి బూటు ఒకటి పైకి లేచి గాల్లో ఆడుతోంది.

హర్‌ఫూల్ ఆ తలపాగా అందుకుని దుమ్ము దులిపి, చిల్లు దగ్గర ఒంగాడు.

"సుబేదార్ సాబ్, సర్కారు వారి ట్యాంకుని ఒక్క తన్నుతో ధ్వంసం చేశారు. జపానువాళ్ల వల్ల కూడా కాలేదు. రాసి పంపిస్తే మీకు పతకం వస్తుంది."

లోపల్నుంచి చాప గీరుకుంటున్న చప్పుడు వినపడింది. తర్వాత మెల్లిగా, "చౌదరీ... ఆరూ ఇలాంటివేనా?"

"ఆరూ."

"నన్ను బయటికి లాగు. ఎవరికీ చెప్పకు."

"మీరూ చెప్పకండి."

లాగాం. డా న్యేన్ దూరంగా కూర్చుని చుట్ట కాలుస్తూ అంతా చూసింది. లేచి వచ్చి సుబేదార్‌ని కింది నుంచి పై దాకా కొలిచినట్టు చూసి, "ఈ చాప నాది, నువ్వే కుట్టు," అని దబ్బనం చేతికిచ్చింది. సుబేదార్ బిధీ చంద్, రెండు యుద్ధాలు చూసిన మనిషి, మఠం వేసుకుని కుట్టాడు. ఆవిడ రెండుసార్లు విప్పించింది.

నిజం ట్యాంకులు గుట్ట వెనక్కి దిగాల్సిన పొద్దు వచ్చింది. ఊరివాళ్లని ముందే అడవిలోకి పంపేశాం. డా న్యేన్ కూడా వెళ్లింది, వెళ్తూ వెళ్తూ ఆరింటినీ ఒకసారి తడిమి చూసి. భర్తూ ఇంజను మొదలెట్టాడు. జుగ్‌లాల్ దుమ్ము లేపాడు. మా పని జపానువాళ్ల గుండెల్లో గుబులు పుట్టించడం, పుట్టింది. పుట్టాక వాళ్లు చేసే పని ఒకటుందని మాకు ఫిరంగి మోగేదాకా తట్టలేదు.

మొదటి గుండు వాగులో పడి నీళ్లు లేపింది. రెండోది ఒడ్డున ఉన్న ట్యాంకుని తాకింది. గడ్డివాములా భగ్గున మండిపోయింది.

గుంటలో పడుకున్న హర్‌ఫూల్ మొహం పాలిపోయింది. భయంతో కాదు. "అరే, నిజం ట్యాంకయితే ఇలా మండుతుందా! పైగా ఎదురు కాల్పు లేదు. ఇంకో రెండు గుండ్లేసి వాళ్లు గ్రహిస్తారు. గ్రహించి ఫిరంగి మొహం అటు తిప్పితే మేజర్ సాబ్ వాళ్లు లోయలో చిక్కుతారు."

"దేంతో కాలుస్తాం? చాపల్తోనా?" అన్నాను.

జుగ్‌లాల్ తల ఎత్తాడు. "ఒరే హర్‌ఫూలూ, టీ!"

"ఇప్పుడు టీ ఏంటి బాబాయ్!"

"టీ కాదురా, వెదురు! పచ్చి వెదురు!"

నరకగా మిగిలిన వెదురు కుప్ప పక్కనే ఉంది. పాకుతూ వెళ్లి కట్టలు ఈడ్చుకొచ్చి ఒక్కో ట్యాంకు వెనక గుంటలో వేసి కిరసనాయిలు పోశాం. పొగ లేచింది. ఒకటి పేలింది, ఇంకోటి పేలింది, ఆపైన వరసపెట్టి అడవంతా మార్మోగేట్టు పేలాయి. చప్పుడు మహా బాగుంది, అవతలి గట్టున మాత్రం ఒక్క ఆకు రాలలేదు.

అప్పుడు బిధీ చంద్ ఒంగి పరుగెత్తుకుంటూ వచ్చి మా గుంటలో దబ్బున పడ్డాడు. "ఏం చౌదరీ, దీపావళా? చప్పుడు నువ్వు చెయ్యి, గుండు నేనేస్తాను. మావాళ్ల దగ్గర చిన్న మోర్టార్లున్నాయి. ఒక్కో బుట్ట వెనక ఒకటి పెడతాను."

"బుట్ట కాదు, ట్యాంకు."

"సరే నాయనా, ట్యాంకు!"

పెట్టారు. వెదురు పేలుతుంది, మోర్టారు దగ్గుతుంది, అవతలి గుట్ట మీద మట్టి లేస్తుంది. అక్కడి నుంచి చూసేవాడికి ట్యాంకులు కాలుస్తున్నట్టే. ఇక వాళ్ల ఫిరంగులన్నీ మా మీదకి తిరిగాయి. ఆ పూట ఎంతసేపు నడిచిందో నాకు తెలీదు. నేల గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంది. జుగ్‌లాల్‌కి పిరుదులో ఇనప ముక్క దిగింది. కిర్పూ అని డోగ్రా కుర్రవాడు, ఎప్పుడూ కొండపాటేదో కూనిరాగం తీసేవాడు, నాలుగో ట్యాంకు వెనక మోర్టారు దగ్గర ఉన్నవాడు ఉన్నట్టే ఒరిగిపోయాడు. బిధీ చంద్ వాణ్ని పక్కన పడుకోబెట్టి తన తలపాగా విప్పి మొహం మీద కప్పి, వాడి మోర్టారు దగ్గర తనే కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన ఒక్క పరిహాసమాడలేదు. హర్‌ఫూల్ వెళ్లి ఆయన చేతికి గుండ్లందిస్తూ కూర్చున్నాడు.

ఎండ నడినెత్తికి ఎక్కుతుండగా గుట్ట వెనక నుంచి వేరే చప్పుడు వినపడింది. మాకు పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టుండే చప్పుడు, మా షెర్మన్ ట్యాంకుల ఫిరంగి. ఒకటి, పది, ఇంకా ఎన్నో. అవతలి గట్టు ఫిరంగులు వెనక్కి తిరిగేందుకు వ్యవధి లేకపోయింది. కొంతసేపటికి అంతా నిశ్శబ్దం.

సాయంత్రం కిర్పూకి కట్టెలు పేర్చాం. జాట్లూ డోగ్రాలూ కలిసే మోశాం.

మర్నాడు పట్టుబడ్డవాళ్లని రేవు దాటించి తీసుకొచ్చారు. పెద్ద సంఖ్య కాదు. అందులో ఒకడు ఫిరంగి దళం హవల్దారు, చేతికి కట్టుతో, చిక్కిపోయి ఉన్నాడు. మిగిలిన రెండు ట్యాంకుల దగ్గర ఆగిపోయాడు. కాపలావాడు పొమ్మన్నా కదల్లేదు. దగ్గరికొచ్చి వేలితో చాపని పొడిచి చూశాడు. వేలు దిగింది. చుట్టూ ఒకసారి తిరిగాడు. సున్నంతో రాసిన పేరు చదివే ప్రయత్నం చేశాడు. డా న్యేన్ గారి ఆయన చెక్కుచెదరలేదు, చుట్టూ నాలుగు బూడిదైనా. "ఆయన దగ్గరికి కష్టం ఎప్పుడొచ్చింది గనక," అంది ఆవిడ పొద్దున అడవి నుంచి తిరిగొచ్చి చూసి, కళ్లు తుడుచుకుంటూ.

హవల్దారు హర్‌ఫూల్ వైపు తిరిగి ఏదో అన్నాడు. మాకు అర్థం కాలేదు. జపానువాళ్లు ఊరి మీద పెత్తనం చేసినన్నాళ్లూ వినీ వినీ డా న్యేన్‌కి వాళ్ల ముక్కలు కొన్ని వచ్చు.

"ఏమంటున్నాడమ్మా?"

"ఆ చివరి దాని ఫిరంగి గొట్టం ఎండకి వంగిందట. నిజం ట్యాంకు గొట్టం వంగదు కదా అని అప్పుడే అనుమానం వచ్చిందట. పై అధికారికి చెప్తే, నీ కళ్లు వంకర అని చెంప మీద కొట్టాడట."

హర్‌ఫూల్ గొట్టం వంక చూశాడు. నిజమే, వంగి ఉంది. మెల్లిగా జుగ్‌లాల్ వైపు తిరిగాడు. గాయం వల్ల బోర్లా పడుకుని ఉన్నాడు జుగ్‌లాల్.

"ఆ గొట్టం ఎవరు కట్టారు?"

"నేను గాయపడ్డ మనిషిని రా," అన్నాడు జుగ్‌లాల్, మొహం చేతుల్లో దాచుకుని.

హర్‌ఫూల్ జేబులోంచి చుట్ట తీసి హవల్దారుకిచ్చాడు. తనే వెలిగించాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి వంకర గొట్టాన్ని కాసేపు చూశారు, పశువుల సంతలో ఒకే ఎద్దుని చూసే ఇద్దరు రైతుల్లా. తర్వాత కాపలావాడు వాణ్ని తీసుకుపోయాడు.

ఆ గుండ్లకి ఊళ్లో చాలా ఇళ్ల కప్పులు పోయాయి. డా న్యేన్ ఎవర్నీ ఏమీ అడగలేదు. మిగిలిన ట్యాంకులు విప్పి ఆ చాపలు మోసుకుపోవడం మొదలెట్టింది, అంతే. హర్‌ఫూల్ చూసి చూసి, చొక్కా విప్పి నిచ్చెనెక్కాడు. మేమూ ఎక్కాం. డోగ్రాలూ వచ్చారు. బిధీ చంద్ కింద నిలబడి తాడు అందించేవాడు. కుట్టు బాగా వచ్చింది కదా అని కుట్టుపని ఆయనకే పడింది.

మూడో ఇంటి మీద ఉండగా మేజర్ విన్‌కోంబ్ జీపులో వచ్చాడు. "దఫేదార్! కొత్త ట్యాంకు వచ్చాడు! నది ఒడ్డున నీ కోసం ఎదురుచూస్తున్నాడు! వెంటనే రా!"

హర్‌ఫూల్ కప్పు మీంచి సెల్యూట్ చేశాడు. "వస్తున్నా సాబ్. ఈ కప్పు వెన్ను ఒక్కటి కట్టేసి దిగుతాను. వాన పడితే కారుతుంది."

"వాన? ఇప్పుడు వాన ఎక్కడుంది? ఇది ఎండాకాలం!"

"మాట్లాడకుండా కట్టనియ్యి, దొరా," అంది డా న్యేన్ కింది నుంచి. "వచ్చి ఆ తాడు కొస పట్టుకో."

మేజర్ ఒక్క క్షణం ఆవిణ్ని చూశాడు. టోపీ తీసి జీపులో పెట్టి, వచ్చి కొస పట్టుకున్నాడు.